గుడి ముందు శనివారం బండ్ల రద్దీ: వీధివాళ్లే సర్దుకోవడం ఎలా?

రెండేళ్ల కిందట శ్రావణ శనివారం. మా గుడికి నాలుగిళ్ల అవతల పెళ్లి. పెళ్లికొడుకు బాసికం కట్టుకుని, బుగ్గన చుక్క పెట్టించుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. పూలు చుట్టిన కారు గేటు లోపల ఉంది. గేటు బయట అడ్డంగా ఎవరిదో తెల్ల కారు. హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో పెట్టి, తాళం జేబులో వేసుకుని పోయిన ఆ పెద్దమనిషి గుళ్లో నూటెనిమిది ప్రదక్షిణలు మొక్కుకున్నాడట. మైకులో మూడుసార్లు పిలిచారు. నలుగురం కలిసి నెట్టి చూశాం, కదల్లేదు. ముహూర్తం దగ్గర పడుతోంది. చివరికి పెళ్లికొడుకు వాళ్ల మేనమామ బైకు వెనక కూర్చుని, ఒక చేత్తో తలపాగా పట్టుకుని ఫంక్షన్ హాలుకు పోయాడు. ఆ తర్వాత కాసేపటికి కారాయన చేతిలో కొబ్బరిచిప్పతో తీరిగ్గా వచ్చి, "అరె, ఒక్క మాట చెప్తే తీసేవాణ్ని గదా" అన్నాడు.

పెళ్లి కాబట్టి ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటున్నాం. ఆగింది 108 బండి అయితే నవ్వే పని ఉండేది కాదు.

మాది నల్గొండలో ముప్పై అడుగుల రోడ్డున్న కాలనీ. హనుమంతుడి గుడి. వారంలో ఆరు రోజులు నిమ్మళంగా ఉంటుంది, శనివారం మాత్రం కాలు పెట్టే జాగ దొరకదు. ఆ పెళ్లి తర్వాత కాలనీవాళ్లం, గుడి కమిటీ కూర్చుని ఒక ఏర్పాటు చేసుకున్నాం. తప్పులు చేస్తూ, దిద్దుకుంటూ ఇంతదాకా వచ్చాం. మీ వీధిలో గుడి ఉన్నా, శుక్రవారం నిండే మసీదు ఉన్నా, ఆదివారం నిండే చర్చి ఉన్నా ఈ పద్ధతి పనికొస్తుంది. ఊళ్లకు ఊళ్లు కదిలొచ్చే చెరువుగట్టు శివాలయం అమావాస్యకో, సూర్యాపేట దగ్గరి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకో ఇది చాలదు. పెద్దగట్టు జాతరప్పుడు హైదరాబాద్–విజయవాడ హైవే మీది బండ్లనే పోలీసులు దారి మళ్లిస్తారు, అది వేరే లెక్క.

1. ఎక్కడ పెట్టకూడదో ముందు తేల్చండి

అందరూ చేసే తప్పు, మేమూ చేసిన తప్పు ఒకటే: బండ్లు ఎక్కడ పెట్టించాలా అని మొదలుపెట్టడం. దాన్ని తిరగేయండి. ఏ జాగ ఖాళీగా ఉండి తీరాలో ముందు ఖాయం చేసుకోండి. మిగిలిందే పార్కింగు.

వీధిని పొద్దున్నే, బండ్లు లేనప్పుడు, ఒక టేపు పట్టుకుని కొలవండి. ముప్పై అడుగుల రోడ్డు అనుకుందాం. ఒక కారు అద్దాలతో సహా ఆరడుగులు, మోరీకి వదిలిన అడుగు కలిపితే ఏడు. రెండు పక్కలా కార్లు నిలిపితే పద్నాలుగు అడుగులు పోయాయి. కొబ్బరికాయల బండ్లకు, పూల బుట్టలకు ఇంకో అయిదు. మిగిలింది పదకొండు. అందులోనే వచ్చే బండ్లు, పోయే బండ్లు, నడిచే జనం, పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు. ఫైరింజన్ వెడల్పే ఎనిమిది అడుగుల దాకా ఉంటుంది. కాబట్టి ఎట్టి పరిస్థితిలోనూ పన్నెండు అడుగుల దారి తెరిచి ఉండాలని రాసుకోండి. అంటే ముప్పై అడుగుల రోడ్డులో బండ్లు ఒక్క పక్కనే. ఇరవై అడుగుల గల్లీ అయితే కార్లే వద్దు.

దారి తర్వాత ఖాళీగా ఉంచాల్సినవి: ప్రతి ఇంటి గేటు, మూలమలుపులు, ట్రాన్స్‌ఫార్మర్ ముందు భాగం, బోరింగు, వీధిలో ఆసుపత్రి గానీ మందుల షాపు గానీ ఉంటే దాని ముందు. మలుపు దగ్గర రెండు వైపులా కనీసం ఒక కారు పొడుగు వదలండి, లేకపోతే తిరిగే బండికి ఎదుటి బండి కనపడదు. వీటన్నిటికీ తెల్ల సున్నంతో గీత గీసి లోపల గుణకారం గుర్తు వేయండి. "పార్కింగ్ చేయరాదు" అని పెద్ద ఫ్లెక్సీ కట్టినా ఎవరూ చదవరు. నేల మీద గుర్తు మాత్రం చూస్తారు, టైరు దాని మీదికి ఎక్కించాలంటే కొంచెం జంకుతారు.

2. రెండు శనివారాలు లెక్క తీయండి

స్కూలు నోటుబుక్కు ఒకటి తీసుకుని అరగంటకోసారి కార్లెన్ని, బైకులెన్ని, ఆటోలెన్ని, తుఫాన్ జీపులు, డీసీఎం వ్యాన్లు ఎన్ని అని రాసుకోండి. రెండు వారాలు చాలు. అయితే ఆ రెండూ ఒక రకం వారాలు కాకూడదు, ఒకటి మామూలు శనివారం, ఒకటి అమావాస్యకో పండక్కో దగ్గరిది.

లెక్క తీశాక మాకు తెలిసింది ఏమిటంటే, వీధిని ముంచేది బైకులు కాదు. వంద అడుగుల పొడవున కార్లు వరసగా నిలిపితే అయిదు పడతాయి. అదే వంద అడుగుల్లో బైకులు ఏటవాలుగా పెడితే నలభై. అయిదు కుటుంబాలా, నలభై కుటుంబాలా? ఈ ఒక్క లెక్కతో కమిటీలో వాదన ఆగిపోయింది. గుడికి దగ్గర బైకులు, కార్లు దూరం. ఇది మా మొదటి నియమం. కారున్నవాళ్లకు కొంచెం కోపం వచ్చింది, వస్తుంది.

3. జాగ వెతకండి, జాగ యజమాని భయం తీర్చండి

నడిచి అయిదు నిమిషాల్లో, అంటే రమారమి మూడు నాలుగు వందల మీటర్ల లోపు ఏమేం ఖాళీ జాగలున్నాయో చూడండి. సర్కారు బడి మైదానం బాగుంటుందని అందరికీ మొదట తోచేది. కానీ శనివారం బడి నడుస్తుంది, రెండో శనివారం ఒక్కటే సెలవు. సాయంత్రం పూట హెడ్మాస్టరు ఒప్పుకుంటే వాడుకోవచ్చు. మార్కెట్ యార్డు పెద్దదే, కానీ కార్తీకమాసంలో గుడి నిండే రోజుల్లోనే యార్డులో వడ్ల కుప్పలుంటాయి. వడ్ల మీద కారు ఎక్కిందంటే రైతు ఊరుకుంటాడా? ఊరుకోకూడదు కూడా. ఫంక్షన్ హాలు వాళ్లు ముహూర్తాలు లేని రోజుల్లోనే ఇస్తారు. చివరికి మిగిలేవి ఖాళీ ప్లాట్లు.

ప్లాటు ఎంత పనికొస్తుందో సులువుగా ఇట్లా చూసుకోండి. తిరిగే దారితో కలిపి ఒక కారుకు మూడు వందల చదరపు అడుగులు కావాలి. గుంట అంటే నూట ఇరవై ఒక్క గజాలు, 1089 చదరపు అడుగులు. అంటే గుంటకు మూడు కార్లు, గట్టిగా సర్దితే నాలుగు. ఇరవై గుంటల జాగ దొరికితే అరవై డెబ్బై కార్లు నిలుస్తాయి. ఒక వీధి గుడికి అది ధారాళంగా సరిపోతుంది.

ఇక అసలు పని. మాకు దొరికిన ప్లాటు యజమాని హైదరాబాదులో ఉంటాడు. ఫోన్ చేస్తే మొదట ససేమిరా అన్నాడు. నేను నాలుగుసార్లు దేవుడి పని, పుణ్యం అని చెప్పి చూశాను. అయిదోసారి మా పక్కింటి పెద్దాయన ఫోన్ తీసుకుని, "నాయనా, నీ జాగల జెండా పాతం. భయపడకు" అన్నాడు. అవతల కాసేపు సప్పుడు లేదు. తర్వాత "అదొక్కటే నా టెన్షన్ కాకా" అన్నాడు. మన దగ్గర భూముల ధరలు ఎట్లా ఉన్నాయో, కబ్జా అంటే జనం ఎంత హడలిపోతారో తెలిసిందే. గుడి పేరుతో జాగలోకి అడుగుపెడితే రేపు చిన్న రాయి నిలబడుతుంది, ఎల్లుండి దానికి బొట్టు పెడతారు, ఆ తర్వాత దాన్ని కదిలించేవాడెవడు?

కాబట్టి యజమానికి కాగితం రాసివ్వండి. శనివారం ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకే వాడుకుంటామని, దీనివల్ల గుడికి గానీ కమిటీకి గానీ ఏ హక్కూ రాదని, ఎప్పుడు వద్దంటే అప్పుడు ఆపేస్తామని, శుభ్రం చేసి అప్పగిస్తామని అందులో ఉండాలి. కమిటీ వాళ్లు ఇద్దరు, కాలనీ వాళ్లు ఇద్దరు సంతకాలు పెట్టండి. ప్లాటు లోపల గుడి పేరు బోర్డు, జెండా, రంగుల తోరణం ఏదీ కట్టకండి. బోర్డు రోడ్డు మీదే, అదీ "కార్ల పార్కింగ్" అని మాత్రమే.

ఆ తర్వాత ప్లాటులో ఒకసారి నడవండి. మన వైపు ఖాళీ జాగంటే సర్కారు తుమ్మ లేకుండా ఉండదు. కొట్టేసి ఊరుకుంటే చాలదు, ముళ్లు ఏరి కాల్చాలి. మొదటి వారం మేము ఏరలేదు. ఒకే పూట నాలుగు పంక్చర్లు. పంక్చర్ షాపాయన మాత్రం మమ్మల్ని దీవించాడు. పాత బావి ఉంటే చుట్టూ బొంగులు పాతి తాడు కట్టండి. సెప్టిక్ ట్యాంకు మూతలు, డ్రైనేజీ బండలు కారు బరువు మోయవు, వాటికీ ఎర్ర గుడ్డ కట్టండి. కరెంటు తీగలు కిందికి వేలాడుతున్న వైపు డీసీఎంలను పంపకండి. ఎర్ర చెలక అయితే వాన పడ్డా తొందరగా ఆరుతుంది. నల్లరేగడి అయితే ఒక్క వానకే కార్లు కూరుకుపోతాయి, తీయడానికి ట్రాక్టరు పిలవాలి. రేగడి జాగ తప్ప వేరే దిక్కు లేకపోతే ప్రవేశం దగ్గర పది పదిహేను అడుగుల మేర మొరం పోయించండి. ఎండాకాలం ఎండుగడ్డి కోయించకుండా కార్లు నిలపకండి. చాలా దూరం నడిచి వచ్చిన కారు సైలెన్సర్ గడ్డి అంటుకునేంత వేడిగా ఉంటుంది.

4. కాగితాలు, అనుమతులు

రోడ్డు మీద ఎక్కడ నిలపవచ్చు, ఎక్కడ నిలపకూడదు అన్నది మనం తేల్చేది కాదు. మోటారు వాహనాల చట్టం, 1988లో 117వ సెక్షన్ ప్రకారం పార్కింగ్ స్థలాలు నిర్ణయించేది ప్రభుత్వం గానీ, అది అధికారమిచ్చిన సంస్థ గానీ, అదీ స్థానిక సంస్థతో సంప్రదించి. 122వ సెక్షన్ ఇతరులకు ప్రమాదం, అడ్డంకి, ఇబ్బంది కలిగేలా బండి వదిలిపెట్టొద్దంటుంది. అడ్డంగా ఉన్న బండిని తీయించడం, చక్రానికి తాళం వేయించడం 127వ సెక్షన్ కింద యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి చేతిలో పని. మన వాలంటీరుకు ఇందులో ఏ అధికారమూ లేదు. చెప్పడం, చూపించడం, బతిమాలడం, అంతే.

అందుకే మీరు గీసిన వీధి పటం కాపీలు తీసి, ఒక దరఖాస్తుతో పోలీసు స్టేషన్‌లో ఒకటి, మున్సిపల్ ఆఫీసులో ఒకటి ఇవ్వండి. గుడి దేవాదాయ శాఖ కింద ఉంటే కార్యనిర్వహణాధికారికి కూడా. వచ్చిన ముద్ర కాగితాన్ని జాగ్రత్త చేసుకోండి. మొదటి రెండు శనివారాలు ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్‌ను పంపమని అడగండి. ఆయన ఏమీ చేయనక్కర్లేదు, మలుపు దగ్గర కెమెరా పట్టుకుని నిలబడితే చాలు. ఇంటికి ఈ-చలానా వస్తుందన్న భయం చేసే పని పది మంది వాలంటీర్లు కూడా చేయలేరు. ఆ రెండు వారాల్లో జనానికి అలవాటు పడుతుంది.

డబ్బులు వసూలు చేయకండి. రోడ్డు మీద పార్కింగు రుసుము తీసుకోవడానికి మీకు హక్కు లేదు. పది రూపాయలు తీసుకున్నారంటే బండి మీద గీత పడ్డా, హెల్మెట్ పోయినా జవాబు మీదే.

5. చెప్పుల స్టాండ్ సరిచేయండి

దీనికీ పార్కింగుకూ ఏం సంబంధం అనిపిస్తుంది. మాకూ అట్లాగే అనిపించింది. ప్లాటు దొరికింది, ముగ్గు గీశాం, బోర్డు పెట్టాం, అయినా కార్లు గుడి ముందుకే వస్తున్నాయి. నడవడానికి బద్ధకమనుకుని తిట్టుకున్నాం. ఒకరోజు మా గుడి పూజారిగారు అన్నారు, "వాళ్లు చెప్పులు కార్లో వదిలి వస్తారయ్యా. ఎండలో అంత దూరం ఒట్టి కాళ్లతో ఎట్లా నడుస్తారు?"

నిజమే. మంచి చెప్పులు గుడి ముందు వదిలితే పోతాయని భయం. అందుకని కార్లోనే విడుస్తారు. కార్లో విడిచినవాడు కారును గుడి మెట్ల దాకా తెస్తాడు. నల్గొండ ఎండలో తారు రోడ్డు సంగతి చెప్పనక్కర్లేదు కదా. అప్పటిదాకా మా గుడి ముందు చెప్పులన్నీ ఒకే కుప్ప. ఒక రేకుల షెడ్డు వేసి, మూడు వరసల అరలు కొట్టించి, అట్టముక్కల మీద నంబర్లు రాసి టోకెన్లు చేశాం. ఒక ముసలమ్మను కూర్చోబెట్టాం. ఆమెకు కమిటీ రోజుకింత అని ఇస్తుంది. రెండో వారం నుంచి కార్లు వాటంతట అవే ప్లాటు వైపు తిరగడం మొదలైంది. మా ఏర్పాటు మొత్తంలో అన్నిటికన్నా తక్కువ ఖర్చయింది దీనికే, ఎక్కువ పని చేసింది కూడా ఇదే.

ప్లాటు నుంచి గుడి దాకా నడిచే దారిలో రెండు చోట్ల మంచినీళ్ల కుండలు పెట్టండి. కొబ్బరికాయల వాళ్లను, పూల వాళ్లను ఆ దారి పొడుగునా ఒకే పక్కకు సర్దుకోమనండి. మొదట గుడి ముందు జాగ పోతుందని గొడవ పెట్టుకున్నారు. వాళ్లది పొట్టకూటి పని, గద్దించి పంపితే తప్పు. ఒక్క శనివారం చూడండని ఒప్పించాం. నడిచి వచ్చే జనం నిలబడి బేరం చేస్తారు, కార్లో దిగేవాళ్లు చేయరు. ఇప్పుడు వాళ్లే కార్లకు దారి చూపిస్తున్నారు.

నడవలేని పెద్దవాళ్ల కోసం గుడి దగ్గర దించే చోటు ఒకటి ఉండాలి. ఒక కారు పొడుగు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. దించడానికి నిమిషం, ఆ తర్వాత డ్రైవరు కారును ప్లాటుకు తీసుకుపోవాలి. ఈ చోటు దగ్గర ఎప్పుడూ ఒక వాలంటీరు ఉండాలి, లేకపోతే నిమిషం అరగంట అవుతుంది.

6. ముగ్గు, తాడు, బొంగులు

శుక్రవారం సాయంత్రమే ప్లాటులో గీతలు గీయండి. మా దగ్గర అడుగున మేకుతో చిల్లులు పొడిచిన పాత పాలపొడి డబ్బా ఉంది. ముగ్గుపిండి పోసి, తాడు లాగి పట్టుకుని, తాడు వెంబడి డబ్బా కొడుతూ పోతే కబడ్డీ కోర్టు గీసినంత నీటుగా వస్తుంది. ఒక కారుకు ఎనిమిది అడుగుల వెడల్పు, పదహారు అడుగుల పొడవు. రెండు వరసల మధ్య తిరిగే దారి పద్దెనిమిది నుంచి ఇరవై అడుగులు. అంటే రెండు వరసలకూ దారికీ కలిపి యాభై నుంచి యాభై రెండు అడుగులు కావాలి. బైకులు ఎక్కువైతే ఒక కారు గడిలో ఆరు బైకులు పడతాయి. మెత్తటి నేలలో సైడ్ స్టాండ్ దిగబడి బైకు ఒరుగుతుంది, ఒకటి ఒరిగితే పది పడతాయి. సెంటర్ స్టాండ్ వేయమనండి, లేదా స్టాండు కింద చదును రాయి పెట్టించండి.

జాగ మిగులుతుంది కదా అని దారి లేకుండా ఒకదాని వెనక ఒకటి కుక్కకండి. ఇక్కడ గుడికీ మసీదుకూ ఒక తేడా ఉంది. మా వీధి చివర మసీదు ఉంది, శుక్రవారం జుమ్మా నమాజుకు వచ్చే బండ్లు కూడా ఇదే ప్లాటులో నిలుస్తాయి. తాడు, బొంగులు ఇద్దరివీ కలిపి ఒక్కటే సెట్టు. నమాజు అయ్యాక అందరూ ఒకేసారి బయలుదేరతారు కాబట్టి వాళ్లు ఒకదాని వెనక ఒకటి నిలిపినా నడుస్తుంది, ముందున్నది కదిలితే వెనకది కదులుతుంది. గుడికి వచ్చేవాళ్లు అట్లా కాదు. ఒకాయన కొబ్బరికాయ కొట్టి పది నిమిషాల్లో వస్తాడు, ఇంకొకాయన ఆకుపూజ చేయించుకుని రెండు గంటలకు వస్తాడు. పది నిమిషాలవాణ్ని రెండు గంటలవాడి వెనక ఇరికిస్తే ప్లాటులోనే కొట్లాట. సీతారాముల కల్యాణం రోజు మాత్రం అందరూ తలంబ్రాలయ్యాకే లేస్తారు, ఆ రోజు మసీదు పద్ధతి వాడుకోవచ్చు.

కార్లను వెనక్కి పెట్టించండి, మూతి దారి వైపు ఉండాలి. వచ్చేటప్పుడు ఒక నిమిషం ఎక్కువ పడుతుంది, పోయేటప్పుడు అందరికీ పని తేలిక.

7. నిలబడే మనుషులు, మాట్లాడే తీరు

వీధి రెండు కొసల్లో ఇద్దరిద్దరు, ప్లాటు దగ్గర ఇద్దరు, దించే చోట ఒకరు. మొత్తం ఏడుగురు. రెండు గంటలకోసారి మార్చండి. రేడియం జాకెట్, విజిల్, టోపీ, మజ్జిగ. ఎండలో రెండు గంటలు దాటితే ఎంత నెమ్మదస్తుడికైనా నోరు జారుతుంది.

"ఇక్కడ పెట్టొద్దు" అని మొదలుపెట్టకండి. ఎక్కడ పెట్టాలో ముందు చెప్పండి.

"అన్నా, ముందర ఎడమకు తిరిగితే పెద్ద జాగ ఉంది. నీడ కూడా ఉంది."

"అయిదు నిమిషాల పనే తమ్మీ, ఇట్ల కొట్టి అట్ల వస్త."

"అందరిదీ అయిదు నిమిషాలేనన్నా. అమ్మను ఈడ దించుండ్రి, నేను కూర్చోబెడత. మీరు బండి పెట్టి రాండ్రి."

ఈ మాటకు పదిలో తొమ్మిది మంది ఒప్పుకుంటారు. పదోవాడు "నేనెవరో తెలుసా" అంటాడు. తెలుసుకునే ప్రయత్నం చేయకండి. బండి నంబరు ఫోటో తీసి పక్కకు జరగండి. వాదనకు దిగితే వెనక ఇరవై బండ్లు ఆగుతాయి. తాళాలు మాత్రం ఎవరివీ చేతిలోకి తీసుకోకండి, ఎంత తెలిసినవాళ్లయినా సరే. కోపంతో టైరులో గాలి తీయడం అసలే వద్దు. మా కుర్రాడొకడు ఒకసారి తీశాడు. ఆ బండాయన ఆసుపత్రిలో ఉన్న భార్యకు టిఫిన్ తీసుకుపోతూ దారిలో దండం పెట్టుకోవడానికి ఆగాడట. ఆ ఎండలో పంక్చర్ షాపు దాకా బండిని మేమే తోసుకుంటూ పోయాం.

మైకులో పిలిచేటప్పుడు నంబరంతా గబగబా చదివితే ఎవరికీ ఎక్కదు. ఏపీ 24, టీఎస్ 05, టీజీ 05 అంటూ నల్గొండ బండ్లన్నీ ఒకేలా మొదలవుతాయి. చివరి నాలుగంకెలు విడివిడిగా, రంగు, కారు పేరు, ఎక్కడ నిలిచి ఉందో చెప్పండి. మంత్రాలు చదివేటప్పుడు కాదు, హారతికీ హారతికీ మధ్య.

ఇక వీధివాళ్ల సంగతి. పొద్దున పనికి పోయేవాళ్ల బండ్లు శుక్రవారం రాత్రే వెనక వీధిలో పెట్టుకోమనండి. ఇంటికో కార్డు ఇవ్వండి, అద్దం వెనక పెట్టుకుంటే వాలంటీరు ఆపడు. గేటు ముందు ఎవరైనా బండి పెడితే ఫోన్ చేయాల్సిన ఇద్దరి నంబర్లు ప్రతి ఇంట్లో ఉండాలి. 108, 101, 100 గోడ మీద రాసిపెట్టండి. ప్రమాదం జరిగితే ఏ కొస నుంచి బండి లోపలికి రావాలో ఏడుగురికీ ముందే తెలిసి ఉండాలి.

8. కొత్త బండ్ల పూజ

ఇది ఎవరూ ముందు ఆలోచించరు. కొత్త కారు షోరూం నుంచి నేరుగా గుడి ముందుకు వస్తుంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలి, గుమ్మడికాయ కొట్టాలి, ఫోటోలు దిగాలి, వచ్చిన చుట్టాలందరికీ మిఠాయి పంచాలి. రోడ్డు నడిమధ్యలో అరగంట. దసరా అయితే ఇట్లాంటి బండ్లు వరసగా ఇరవై. పైగా పగిలిన గుమ్మడికాయ ముక్కల మీద బైకులు జారతాయి.

పూజారిగారితో మాట్లాడి వేళ పెట్టుకోండి. మా దగ్గర పది దాటాక, ప్లాటులోనే, ఒక మూల ముగ్గు వేసిన చోట. పూజారిగారు ఒక్కసారి వచ్చి వరసగా అన్నిటికీ చేసి పోతారు. ఆయనకూ మాటిమాటికీ గర్భగుడి వదిలి పరుగెత్తే బాధ తప్పింది. గుమ్మడికాయ ముక్కలు ఎత్తడానికి తట్ట, చీపురు అక్కడే ఉంచండి.

9. బయటికి పంపడం, సర్దడం

వీలైతే ప్లాటుకు రెండు దారులు ఉంచండి, ఒకటి లోపలికి, ఒకటి బయటికి. బయటికి వచ్చే బండ్లన్నీ ఎడమకే తిరగాలి. కుడికి తిరగాలనుకునేవాణ్ని కాస్త చుట్టు తిరిగి రమ్మనండి, తిట్టుకుంటాడు కానీ వీధి కదులుతూ ఉంటుంది. సాయంత్రం హారతి అయ్యాక పావుగంట అసలు పరీక్ష, ఆ సమయంలో ఏడుగురూ నిలబడి ఉండాలి. చీకటి పడ్డాక ప్లాటులో ఒక ఫోకస్ లైటు తప్పనిసరి. లైటు లేకపోతే ఆడవాళ్లు అక్కడికి నడవరు, కార్లు మళ్లీ గుడి ముందుకొస్తాయి.

ఆఖరి బండి పోయాక ఇంకో గంట పని ఉంటుంది. కొబ్బరి పీచు, నిమ్మచెక్కలు, నీళ్ల ప్యాకెట్లు ఎత్తించండి. ఎక్కడైనా ఆయిల్ కారితే దాని మీద మట్టి చల్లండి. బొంగులు పీకి, గుంతలు పూడ్చి, తాడు చుట్టి మసీదు వాళ్ల గదిలో పెట్టండి, వచ్చే శుక్రవారం ముందు వాళ్లకే కావాలి. ఖాళీ అయిన ప్లాటును నాలుగు వైపుల నుంచీ ఫోటో తీసి ఆ రాత్రే యజమానికి వాట్సాప్‌లో పంపండి. మా ప్లాటు యజమాని ఎప్పుడూ జవాబివ్వడు, కానీ రెండు నీలం గీతలు పడతాయి.